తమ్ముడి ఫోటో ముందు బ్రాందీ సీసా పెట్టాలా?

ఈ వారం ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. పేరు వేయవద్దన్నారు. సొంతూరి పేరూ నేనే తీసేశాను. ఉత్తరం పెద్దది కాబట్టి కొంత కుదించాను.

"నాకు 39 ఏళ్ళు. తిరుపతిలో టాక్సీ నడుపుతాను. సొంతూరు చిత్తూరు దగ్గర ఒక పల్లె. పదహారేళ్ళు తాగాను. పోయిన ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరి మానేశాను. మాత్రలు వాడాను, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం) మీటింగులకు వెళ్ళాను. తొమ్మిది నెలలు చుక్క ముట్టలేదు. నవంబరులో నా తమ్ముడు పోయాడు. వాడికి 34 ఏళ్ళు. లివరు చెడిపోయింది. మొదట కామెర్లే అనుకుని పసరు పోయించాం. కడుపులో నీరు చేరాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు గంగమ్మ జాతరలో మొదటి గ్లాసు చేతికిచ్చింది నేనే. పదకొండో రోజు రాత్రి బంధువులు 'తమ్ముడి కోసం ఒక్కటి' అన్నారు. తాగాను. ఆ తర్వాత పన్నెండు రోజులు రోజూ క్వార్టరు. చివరికి గది తలుపు వేసుకుని నాకు నేనే మానేశాను. రెండు రోజులు చేతులు వణికాయి, గోడ మీద ఏవో పాకుతున్నట్టు కనిపించాయి. ఇప్పటికి ఆరు రోజులైంది. మీటింగుకు వెళ్ళడానికి ముఖం చెల్లడం లేదు.

"అయిదేళ్ళ కిందట కాణిపాకంలో ప్రమాణం చేసి తప్పాను. ఆ పాపమే తమ్ముడికి తగిలిందేమోనని భయం. నాన్న కూడా తాగుడుతోనే పోయాడు గానీ అప్పుడు నాకింత ఏడుపు రాలేదు. సంక్రాంతికి పండుగ చేసుకోకపోయినా పెద్దలకు పెట్టాల్సిందేనని, తమ్ముడి ఫోటో ముందు వాడు తాగే బ్రాందీ పెట్టాలని అమ్మ అంటోంది. నా భార్య మాట్లాడటం మానేసింది. అన్నంలో కలిపే పొడి ఏదో తెప్పించిందని నా అనుమానం. నా తొమ్మిది నెలలూ పోయినట్టేనా? ఒక్కోసారి వాడి దగ్గరికే వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఏం చేయాలో చెప్పండి."

మీరు చివర్లో రాసిన మాటనే ముందు తీసుకుంటాను. తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోవాలనిపిస్తోందని రాశారు. ఇలాంటి మాటను మన ఇళ్ళలో ఏడుపులో కలిపేసి వదిలేస్తారు. నేను వదలను. అయినవాళ్ళు పోయిన కొత్తలో, అందులోనూ తాగుడు మళ్ళీ మొదలై ఆగిన రోజుల్లో, ఈ ఆలోచన ప్రమాదకరమైనది. 14416కు ఫోను చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. చుట్టూ తిప్పకుండా "చనిపోవాలనిపిస్తోంది" అనే చెప్పండి. ఇంట్లోనూ ఒకరికి ఇదే మాట చెప్పి, ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఒంటరిగా పడుకోకండి. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదువుకున్నా ఫరవాలేదు.

ఇక గది తలుపు వేసుకుని మానేయడం గురించి. మీరు దాన్ని పట్టుదలగా చెప్పుకున్నారు. నాకు మాత్రం చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో కొందరికి ఫిట్సు వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య జ్వరం, తికమక, లేనివి కనిపించడం వస్తే అది ప్రాణాల మీదికి వచ్చే స్థితి. వైద్యం అందక పోయినవాళ్ళున్నారు. మీకు గోడ మీద పాకినవి ఆ స్థితికి వాకిలి వంటివి. పన్నెండు రోజుల తాగుడుకే అంత వచ్చిందా అని ఆశ్చర్యపోకండి. పదహారేళ్ళ అలవాటును మెదడు తొమ్మిది నెలల్లో మరిచిపోదు.

ఆరు రోజులు గడిచాయి కాబట్టి ఆ గండం చాలావరకు దాటినట్టే. మళ్ళీ ఎప్పుడైనా ఇలా జరిగితే గదిలోకి వెళ్ళకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఇంకొక మాట. మన పల్లెల్లో తాగి నీరసపడినవాడికి ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించడం అలవాటు. ఏళ్ళ తరబడి తాగిన ఒంట్లో బీ1 విటమిన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. అందుకే ఆసుపత్రిలో ముందు బీ1 సూది వేస్తారు. ఇది మీ ఒక్కరి కోసమే రాయడం లేదు. ఈ రాత్రి ఎవరింట్లోనో ఆ సీసా వేలాడుతూ ఉండవచ్చు.

తొమ్మిది నెలలూ పోయాయా అని అడిగారు. లేదు. మీటింగులో తేదీ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు, నిజమే. అది అక్కడి పద్ధతి, దానికి ఉపయోగమూ ఉంది. కానీ ఆ తొమ్మిది నెలల్లో మీ లివరుకు దొరికిన విశ్రాంతిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. చేతిలో గ్లాసు లేకుండా సాయంత్రాలు గడపడం నేర్చుకున్నారు, అదీ ఎక్కడికీ పోలేదు. తాగుడు మానినవాళ్ళు తిరిగి జారడం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన అలాన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. మనిషిని ముంచేది మొదటి గ్లాసు కన్నా, దాని తర్వాత వచ్చే "ఎలాగూ చెడ్డాను కదా" అన్న ఆలోచన. మీ విషయంలో పదకొండో రోజు రాత్రి ఒక గ్లాసు. మిగతా పన్నెండు రోజులూ ఆ ఆలోచనే తాగించింది. పదమూడో రోజు మీరు ఆగారు. పద్ధతి తప్పు, ఆగడం తప్పు కాదు. పాత రోజుల్లో పన్నెండు రోజులకే ఎప్పుడైనా ఆగారా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తమ్ముడికి మొదటి గ్లాసు ఇచ్చింది మీరు.

ఈ మాట మీరు ఎవరికి చెప్పినా "ఛ, అలా అనుకోకు, వాడి రాత అంతే" అని ఉంటారు. నేను అలా అనను. ఇచ్చారు, అది నిజం. నిజాన్ని పక్కకు తోసి ఓదారిస్తే, ఓదార్చినవాళ్ళు వెళ్ళిపోయాక అది మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. అది మీకు అనుభవమే అనుకుంటాను. అన్నదమ్ముల పంపకంలో ఎవరి వాటా వారికి వచ్చినట్టు, ఈ తప్పులోనూ మీ వాటా మీరు తీసుకోండి. పొలం మొత్తం మీ పేరున రాసుకోవద్దు.

మిగతా వాటాలు ఎవరివి? తాగుడు బారిన పడే అవకాశంలో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదేనని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మీ నాన్నా తాగుడుతోనే పోయారు, మీరూ తాగారు, తమ్ముడూ తాగాడు. జాతరలో ఆ గ్లాసు మీరు ఇవ్వకపోతే ఇంకొకరు ఇచ్చేవారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి గ్లాసు అందించే చేతులకు కొదవా? మీ తప్పు మాఫీ చేయడానికి ఈ మాట అనడం లేదు, జరిగేది చెబుతున్నాను. ఆ తర్వాత పదహారేళ్ళపాటు గ్లాసు ఎత్తినది అతని చెయ్యి. ప్రభుత్వాలకూ ఒక వాటా ఇవ్వాలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కదిలితే 1993లో సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997 కల్లా అదీ పోయింది. 2019 నుంచి అయిదేళ్ళపాటు ప్రభుత్వమే దుకాణాలు తెరిచి అమ్మింది. ఇక పసరు సంగతి. కళ్ళు పచ్చబడి, కడుపులో నీరు చేరే సరికి లివరు సాధారణంగా చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. పసరుతో కొంత కాలం వృథా అయింది. ఆ కాలం దక్కి ఉంటే బతికేవాడని గానీ, బతికేవాడు కాదని గానీ ఎవరూ చెప్పలేరు. మీరూ చెప్పుకోకండి.

మీ వాటా మీద మీరు చేయగలిగింది ఉంది. మీటింగుల్లో పన్నెండు మెట్లు చదివి ఉంటారు. తొమ్మిదో మెట్టు ఎవరికి హాని చేశామో వాళ్ళకు నేరుగా సరిదిద్దమంటుంది, అలా చేయడం వల్ల ఇంకొకరికి గాయం అవుతుందనుకుంటే తప్ప. పోయినవాడికి సరిదిద్దలేరు. మరదలు ఉంది, పిల్లలుంటే పిల్లలున్నారు. ఆవిడ దగ్గర కూర్చుని "నేనే తాగించాను" అని ఏడవకండి. ఆవిడకు ఇప్పుడు మీ బరువు కూడా ఎత్తే ఓపిక ఉండదు. ఆ మాట ముందు మీ స్పాన్సరు దగ్గర, అంటే మీటింగులో మీకు తోడుగా ఉండే పాత సభ్యుడి దగ్గర, చెప్పండి. మరదలి దగ్గర చేయాల్సినవి వేరే ఉన్నాయి. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకున్నారా? వితంతు పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు పెట్టించారా? బ్యాంకు ఖాతా, బీమా కాగితాలు, ఎక్కడైనా అప్పులుంటే వాటి లెక్క, ఇవన్నీ ఎవరో ఒకరు తిరగాలి. మీరు డ్రైవరు, తిరగడం మీకు తెలిసిన పని. ఒక్క జాగ్రత్త. "నీ పిల్లల బాధ్యత ఇక నాదే" లాంటి పెద్ద మాటలు ఈ నెలలో ఇవ్వకండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేని రోజు మీకు ఏం గుర్తొస్తుందో, ఎటు దారి తీస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాన్న పోయినప్పుడు ఇంత ఏడుపు రాలేదన్నారు. అప్పుడు మీరు తాగి ఉన్నారు కదా. ఏడవాల్సినదంతా గ్లాసులోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు తొమ్మిది నెలలు తెరిచిన కళ్ళతో ఉన్న మనిషి ముందుకు తమ్ముడి చావు వచ్చింది. దాని వెనకే, అప్పుడు వెనక్కి తోసిన నాన్న చావూ వచ్చింది. ఇద్దరి కోసం ఒకేసారి ఏడుస్తున్నారు. అది బలహీనత కాదు, పిచ్చి పట్టడమూ కాదు. తాగుడు మానిన చాలామంది మొదటి ఏడాదిలో పాత చావులకు ఇప్పుడు ఏడుస్తారు. నిద్ర గురించీ ఒక మాట. మద్యం మానిన తర్వాత కొన్ని వారాలు, కొందరికి నెలలు, నిద్ర సరిగా పట్టదు. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తమ్ముడు గుర్తొస్తే అదంతా దుఃఖమే అనుకోకండి. కొంత ఒంటి పని కూడా. దానికి క్వార్టరు మందు కాదు. క్వార్టరు వేసిన నిద్ర తెల్లవారకముందే తెగిపోతుందని మీ పదహారేళ్ళే చెబుతాయి.

కాణిపాకం ప్రమాణం. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆ భయం ఎంత లోతుగా ఉంటుందో తెలుసు. పంచాయతీలో తెగని గొడవ కూడా "కాణిపాకం వస్తావా?" అంటే తెగుతుంది. ఆ గుడిలో ఒట్టు వేసి తాగుడు మానినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తక్కువ చేయను. అయితే ఆ క్షేత్రానికి చెప్పుకునే కథ ఒకటి మీరు విని ఉంటారు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. దారిలో ఆకలేసి తమ్ముడు లిఖితుడు రాజుగారి తోటలో మామిడి పండు కోశాడు. వద్దన్న అన్నే అతన్ని రాజు దగ్గరికి తీసుకెళ్ళాడు. రాజు లిఖితుడి చేతులు నరికించాడు. తర్వాత కాణిపాకం చేరి అక్కడి బాహుదా నదిలో మునిగితే లిఖితుడి చేతులు తిరిగి వచ్చాయి. ఒట్టు వేసేవాళ్ళందరికీ ఆ గుడి శిక్ష గుర్తుంటుంది గానీ, ఆ కథలో శిక్ష వేసింది రాజు. దేవుడి పని నదిలో జరిగింది. అన్న ఒట్టు తప్పాడని తమ్ముడి లివరు తీసుకునే దేవుడు ఆ కథలో ఎక్కడా లేడు. మీ తమ్ముడి లివరును చెడగొట్టింది ఆల్కహాల్. మీరు ఒట్టు నిలబెట్టుకుని ఉన్నా, అతను తాగుతూనే ఉంటే ఇదే జరిగేది.

వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. చిత్తూరు నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు, ఎంతసేపు? కానీ జీవితాంతం మానేస్తానని మళ్ళీ ప్రమాణం చేయకండి. తప్పితే మోయాల్సింది మీరే. "ఈ రోజు తాగను" అని దండం పెట్టుకుని రండి. మీటింగుల్లో చెప్పేదీ అదే. అక్కడివాళ్ళు దాన్ని ఇరవై నాలుగు గంటలంటారు. ఇంకొకటి. ప్రమాణం చేసిన మనిషికి డాక్టరు అవసరం లేదని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. వినాయకుడికి మొక్కి, బీపీ మాత్ర వేసుకోని వాళ్ళెవరైనా మీకు తెలుసా?

సంక్రాంతి ఎక్కువ దూరం లేదు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది అదే.

పెద్దలకు పెట్టేటప్పుడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెట్టడం మన ఆచారం. కొత్త బట్టలు, వండినవి, కొందరిళ్ళలో చుట్ట, బీడీ, సీసా కూడా. ఆచారాన్ని నేను తప్పుపట్టను. మీ అమ్మ బాధ కూడా అర్థమవుతుంది. కొడుకు బతికి ఉండగా వద్దు వద్దని అరిచిన తల్లి, పోయాక అడ్డు చెప్పినందుకు పశ్చాత్తాపపడి, వాడు అడిగినది ఇప్పుడైనా ఇద్దామనుకుంటుంది. కానీ ఆ సీసా ఫోటో ముందు ఎంతసేపు ఉంటుంది? హారతి అయ్యాక దాన్ని ఎవరు తీస్తారు? ఎవరి గ్లాసుల్లోకి వెళ్తుంది? ఇంటికి పెద్ద కొడుకు మీరు. మొదటి గ్లాసు మీ చేతికే వస్తుంది, అదీ ప్రసాదంలా. పదకొండో రోజు వచ్చిన మాటే మళ్ళీ వస్తుంది: తమ్ముడి కోసం ఒక్కటి. తాగుడు వల్ల పోయిన మనిషికి తాగుడునే నైవేద్యం పెట్టడంలో ఉన్న విడ్డూరం సరే, అది నా అభిప్రాయం, మీ అమ్మకు చెప్పకండి. చెబితే ఆవిడ ఏడుస్తుంది, మీరు ఒప్పుకుంటారు.

అమ్మకు చెప్పాల్సింది వేరు. పండుగ నాటి వరకు ఆగకుండా, చుట్టాలెవరూ లేని రోజు చూసి, పక్కన కూర్చుని ఇలా అనండి: "అమ్మా, ఆ సీసా వాసన తగిలితే నేను ఆగలేను. నాన్నా, వాడూ పోయారు. నేను ఉండాలంటే అది ఇంట్లోకి రాకూడదు." ఒకసారి చెప్పి ఆగండి. వాదించకండి, ఆవిడను ఆలోచించుకోనివ్వండి. తర్వాత అడగండి, వాడికి ఇంకేం ఇష్టమో. సంగటి, నాటుకోడి పులుసు పెట్టవచ్చు. చిన్నప్పుడు వాడు దొంగతనంగా తిన్నదేమిటో అమ్మకు గుర్తుండే ఉంటుంది. మనిషి మొత్తం బ్రాందీ కాదు కదా. చివరి ఆరేడేళ్ళు మిగతావన్నీ దాని వెనక దాక్కున్నాయంతే. వాడికి బ్రాందీ కాక ఏమేమి ఇష్టమో అమ్మా మీరూ కూర్చుని చెప్పుకోవడమే, నన్నడిగితే, ఈ సంక్రాంతికి మీరు అతనికి పెట్టగలిగినదాంట్లో మంచిది.

అమ్మ ఒప్పుకోకపోతే? ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీరు పొద్దున్నే వెళ్ళి బట్టలు పెట్టి, దండం పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాలకు ముందే తిరుపతి వచ్చేయండి. సీసా కొనే పని మీరు పెట్టుకోకండి, డబ్బులు ఇవ్వకండి, దాన్ని కారులో తీసుకెళ్ళకండి. మీటింగులో తెలిసినవారు ఎవరైనా వస్తానంటే వెంట తీసుకెళ్ళండి. స్నేహితుడని చెబితే చాలు, మన పల్లెల్లో పండుగకు వచ్చిన మనిషిని ఎవరని అడగరు, ముందు ఆకు వేస్తారు. కనుమ నాడు రంగంపేట పశువుల పండుగకు అన్నదమ్ములిద్దరూ ఏటా వెళ్ళేవాళ్ళయితే, ఈ ఏడు వెళ్ళకండి. అక్కడ అడుగడుగునా అతను కనిపిస్తాడు, అడుగడుగునా సీసా కనిపిస్తుంది. రెండూ ఒకేసారి తట్టుకోవాల్సిన అవసరం లేదు.

బంధువులు గ్లాసు పట్టుకొస్తే "నేను తాగను" అనండి. అంతకుమించి వద్దు. మాత్రలు వాడుతున్నానని, పండుగ అయ్యాక చూద్దామని కారణం చెబితే దాన్ని కొట్టిపారేయడానికి ప్రతి బాబాయి దగ్గరా ఒక జవాబు ఉంటుంది. కారణం చెప్పని మనిషితో ఎవరూ ఎక్కువసేపు వాదించలేరు. తాగాలన్న కోరిక ఎంత బలంగా వచ్చినా సాధారణంగా అరగంటలోపు తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట అక్కడ కూర్చోకండి. లేచి పొలం గట్టు మీదికి వెళ్ళి ఫోను చేయండి.

ఎవరికి? ముఖం చెల్లడం లేదన్న ఆ మీటింగు మనుషులకే. ఏఏ ఎలా పుట్టిందో మీకు అక్కడ చెప్పే ఉంటారు, అయినా గుర్తుచేస్తాను. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో, వ్యాపారం చెడి, హోటల్లో ఒంటరిగా ఉన్న ఒక స్టాక్ బ్రోకరుకు తాగాలనిపించింది. పక్కనే బారు ఉంది. అతను బారుకు వెళ్ళకుండా, ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలని ఊళ్ళోని చర్చి పెద్దలకు ఫోన్లు చేశాడు. చివరికి ఒక సర్జను దొరికాడు, ఆయనా తాగుడు మానలేకపోతున్నవాడే. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. కొన్నాళ్ళకు ఆ సర్జను మళ్ళీ జారాడు, మళ్ళీ మానేశాడు. ఆయన చివరిసారి తాగిన రోజునే ఏఏ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. జారినవాడితో మొదలైన చోట మీరు ముఖం దాచుకోవడం ఏమిటి? ఈ వారమే వెళ్ళండి. "పన్నెండు రోజులు తాగాను, తమ్ముడు పోయాడు" అని రెండు ముక్కలు చెప్పి కూర్చోండి.

మీ భార్య మౌనం. అది కోపమే అనుకుంటున్నారు. కొంత కోపమే కావచ్చు. కానీ ఆవిడ స్థానంలో ఉండి చూడండి. మరిది కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోవడం ఇంట్లో ఉండి చూసింది. పదకొండో రోజు రాత్రి భర్త చేతిలో అదే గ్లాసు చూసింది. ఆ తర్వాత ఆవిడకు మాట పడిపోతే ఆశ్చర్యమేముంది? నమ్మమని అడగకండి, ఇప్పుడు ఆవిడ దగ్గర నమ్మకం లేదు. చూసి తెలుసుకోగలిగినవి ఇవ్వండి. ఆసుపత్రి చీటీ చూపించండి, మీటింగుకు వెళ్ళే రోజు చెప్పి వెళ్ళండి, వేసుకునే మాత్ర ఆవిడ ఎదుటే వేసుకోండి. తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-అనాన్ అని 1951 నుంచి వేరే మీటింగులున్నాయి. మీ మీటింగులో అడిగితే దగ్గరలో ఎక్కడ జరుగుతాయో చెబుతారు. వెళ్ళమని ఒత్తిడి చేయకుండా చెప్పి ఊరుకోండి.

కారు తాళాల విషయంలో మాత్రం ఆవిడ మాటే చెల్లాలి. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. మన బ్రాందీ, విస్కీల్లో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే క్వార్టరులో సుమారు 60 గ్రాములు. లివరు గంటకు ఏడు నుంచి పది గ్రాములే ఖర్చు చేయగలదు. రాత్రి పదకొండుకు క్వార్టరు ముగించిన మనిషి తెల్లవారుజామున అయిదుకు యాత్రికులను ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కితే, పూర్తిగా తేరుకున్నట్టు తనకు అనిపించినా రక్తంలో ఇంకా మద్యం ఉండవచ్చు. ఆ పన్నెండు రోజుల్లో బండి తీశారా లేదా అన్నది మీరు రాయలేదు. మళ్ళీ ఎప్పుడైనా ఒక్క గ్లాసు పడినా మర్నాడు తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయని మీ అంతట మీరే చెప్పండి.

పొడి గురించి మీ అనుమానం నిజమైతే అది ఆగాలి. తెలియకుండా అన్నంలో, చారులో కలిపే పొడులని అమ్మేవాటిలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. కొన్నిసార్లు అది డైసల్ఫిరామ్ కావచ్చు. ఇది డాక్టర్లు వాడే మాత్రే. వేసుకున్నవారు మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. మాత్ర ఆపిన తర్వాత రెండు వారాల వరకు ఆ గుణం ఉండవచ్చు. లివరుకూ హాని చేయగలదు. అందుకే డాక్టర్లు దాన్ని రోగికి అన్నీ చెప్పి, ఒప్పుకున్న తర్వాతే ఇస్తారు. తెలియకుండా పెడితే, మీరు మళ్ళీ జారిన రోజు అది తాగుడు మాన్పదు, మిమ్మల్ని నేల మీద పడేస్తుంది. ఈ పేరా ఆవిడకు చదివి వినిపించండి. నిందించినట్టు కాకుండా వినిపించండి. ఆవిడ ఆ పొడి తెప్పించింది మీరు బతకాలనే కదా.

ఇక డాక్టరు. తిరుపతిలో ఉన్నారు కాబట్టి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళవచ్చు. ఊళ్ళో ఉన్న రోజుల్లో అయితే చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దూరం కాదు, అక్కడి మానసిక వైద్య విభాగం బాగాయంలో ఉంది. ఫిబ్రవరిలో మీకు వైద్యం చేసిన డాక్టరే దొరికితే ఇంకా మంచిది. డైసల్ఫిరామ్ కాకుండా తాగాలన్న కోరికను తగ్గించే మాత్రలున్నాయి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అంటారు. ఏది మీకు సరిపడుతుందో లివరు పరీక్ష చూసి చెబుతారు. ఆ పరీక్ష, కడుపు స్కానింగు చేయించమని మీరే అడగండి. తమ్ముడికి వచ్చినదే మీకూ వచ్చి ఉంటుందన్న భయంతో పరీక్షకు దూరంగా ఉండేవాళ్ళు చాలామంది. కొవ్వు పట్టిన దశలోనే ఉంటే, మద్యం పూర్తిగా ఆపిన కొన్ని వారాల్లోనే లివరు కోలుకుంటుంది. ముదిరినా, ఆపినవాళ్ళ ఆయుష్షు ఆపనివాళ్ళ కన్నా మెరుగు.

వెళ్ళేటప్పుడు ఫిబ్రవరి నాటి డిశ్చార్జి కాగితాలు, అప్పుడు వాడిన మాత్రల చీటీ తీసుకెళ్ళండి. తమ్ముడు పోయాడని, గోడ మీద పాకినవి కనిపించాయని, చనిపోవాలన్న ఆలోచన వస్తోందని ముందుగానే చెప్పండి, అడిగేదాకా ఆగకండి. ఎంత తాగారని అడిగితే సగానికి తగ్గించి చెప్పడం మనవాళ్ళ అలవాటు. భార్య పక్కన ఉంటే ఇంకా తగ్గిస్తారు. ఉన్నదున్నట్టు చెప్పండి, ఏ మాత్ర ఎంత ఇవ్వాలో డాక్టరు తేల్చుకునేది ఆ లెక్క చూసే.